బంగ్లాల దగ్గర అరగంట, తూము దగ్గర రెండు నిమిషాలు: ఓల్డ్ క్రోటన్ అక్విడక్ట్ మీద ఒక రోజు నడక

న్యూయార్కు నగరానికి మొట్టమొదట దూరం నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చిన పాత కాలవ మీద, హేస్టింగ్స్ అనే ఊరి నుంచి టారీటౌన్ దాకా నడక. ఆరు మైళ్ళకి కాస్త అటూ ఇటూ. రైల్లో వెళ్ళి ఒక స్టేషన్లో దిగడం, నడిచి ఇంకో స్టేషన్లో రైలెక్కి ఇంటికి రావడం. వారాంతాల్లో ఇలాంటి నడకలు పెట్టే ఒక క్లబ్బు తలకింత అని తీసుకుని మమ్మల్ని తిప్పింది. దారికైతే నూటికి నూరు వేస్తాను. తిప్పిన పద్ధతికి మాత్రం పాసు మార్కులే.

ఈవిడెవరు మార్కులు వెయ్యడానికి అంటారేమో. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పటాలకి నకళ్ళు గీసే ట్రేసరుగా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనదాన్ని. ఉద్యోగమంతా డెల్టా కాలవల ఎల్-సెక్షన్లు, అంటే కాలవ పొడుగునా లెవెళ్ళు చూపే పటాలు, గీస్తూనే గడిచిపోయింది. జెర్సీ సిటీలో మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. మా కోడలు ఫోన్లో చూసి, "అత్తయ్యగారండీ, మీ డిపార్టుమెంటు వ్యవహారమేనండి, పాత కాలవ గట్టంట, దారంతా చదునేనంట" అని ఇద్దరికీ బుక్ చేసేసింది.

జెర్సీ సిటీ నుంచి పాత్ అనే రైల్లో ముప్ఫై మూడో వీధికి వచ్చి అక్కణ్ణుంచి గ్రాండ్ సెంట్రల్ స్టేషనుకి నడిచాం. దారిలో ఫిఫ్త్ ఎవెన్యూ, నలభై రెండో వీధి మూల మీద గుమ్మం ముందు రాతి సింహాలున్న పెద్ద లైబ్రరీ ఉంది, మనవాళ్ళంతా ఫోటోలు దిగే చోటు. 1842లో మేము నడవబోయే కాలవ నీళ్ళు వచ్చి చేరింది సరిగ్గా అక్కడికే. అప్పుడక్కడ ఎత్తు గోడల రిజర్వాయరు ఉండేది. దాన్ని పడగొట్టి లైబ్రరీ కట్టి 1911లో తెరిచారు. పాత పునాది రాళ్ళు కొన్ని లోపల సౌత్ కోర్ట్ అనే చోట ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంకో పెద్ద రిజర్వాయరు సెంట్రల్ పార్కులో ఉండేది. దాన్ని పూడ్చిన చోటే ఇప్పుడు గ్రేట్ లాన్ అని జనం దుప్పట్లు పరుచుకుని ఎండకి పడుకుంటారు. క్లబ్బువాళ్ళు మమ్మల్ని స్టేషన్లో గడియారం కింద కలవమన్నారు. లైబ్రరీ మెట్ల దగ్గర కలవమని, అక్కడ రెండు ముక్కలు చెప్పి స్టేషనుకి తీసుకెళ్తే ఎంత బాగుండేది! పట్టుమని పది నిమిషాల దూరం లేదు. ఎవరికీ తట్టలేదు.

రైలు గురించి ఫిర్యాదేమీ లేదు. మెట్రో-నార్త్ హడ్సన్ లైను. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టండి, నది పక్కనే వస్తుంది, అవతలి ఒడ్డున పాలిసేడ్స్ కొండలు గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. 65 దాటినవాళ్ళకి తగ్గింపు ఛార్జీ ఉంది, వయసు తెలిపే గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి.

హేస్టింగ్స్‌లో దిగీ దిగగానే ఎక్కుడు. "దారంతా చదునే" అన్నమాట నిజమే, దారి దగ్గరికి చేరడమే చదును కాదు. స్టేషను నది ఒడ్డున ఉంటే కాలవ ఊరికి పైన ఉంది. మోటార్లు లేని రోజుల్లో కట్టింది కదా, నీళ్ళు వాటంతట అవే పారాలంటే ఎత్తు పోగొట్టుకోకుండా కొండ నడుం పట్టుకునే పోవాలి. అందుకని ఈ లైన్లో ఏ స్టేషన్లో దిగినా ఎక్కాల్సిందే, చివర దిగాల్సిందే. క్లబ్బు పంపిన కాగితంలో ఈ ఒక్క ముక్క రాసుంటే మా గుంపులో ఉన్న ఒక పెద్దాయన మోకాలికి పట్టీ వేసుకుని వచ్చేవాడు. పాపం, మొదటి పావుగంట ఆయన చుట్టూనే గడిచింది.

పైకి చేరాక మాత్రం చూడండీ! చెట్ల మధ్య గడ్డి గట్టు, మధ్యలో సన్నటి మట్టిదారి, ఒక పక్క ఇళ్ళ పెరళ్ళు, రెండో పక్క ఆకుల సందుల్లోంచి నది. అక్టోబరు ఎండ. కాలవ ఎక్కడా అని అడిగింది మా కోడలు. కాళ్ళ కిందే ఉంది. ఇది మన కాలవలా పైకి కనిపించేది కాదు. ఇటుకలతో గుర్రపునాడా ఆకారంలో సొరంగం కట్టి, పైన మట్టి కప్పేశారు. లోపల ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. మొత్తం పొడవు 41 మైళ్ళు. వాలు మైలుకి 13 అంగుళాల పైచిలుకు.

ఆ వాలు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ నడకలో మనం డబ్బిచ్చి కొనుక్కునేది అదే. మైలుకి 13 అంగుళాలంటే దగ్గర దగ్గర 4,800 అడుగులకి ఒక్క అడుగు. మా ఆఫీసులో ఇలాంటి కాలవ ఎల్-సెక్షన్ గీసేటప్పుడు నిలువు స్కేలు, అడ్డం స్కేలు ఒకటే పెడితే కాలవ అడుగు చూపే బెడ్ లెవెల్ గీత, కింద ఆధారంగా గీసే డేటమ్ గీతతో కలిసిపోయినట్టే ఉంటుంది, ఎవరికీ ఏమీ కనపడదు. అందుకని నిలువు స్కేలు బాగా పెంచేస్తాం. కాగితం మీద ఆ కాలవ కొండ దిగుతున్నట్టు కనిపిస్తుంది. అలా పెంచి గీసిన వాలులే జీవితమంతా చూశాను. ఇక్కడ అసలు స్కేల్లో నడిచాను. అడుగు వేస్తే ఎక్కుతున్నామా దిగుతున్నామా అన్నది ఒంటికి బొత్తిగా తెలియదు. మేము నడిచింది ఉత్తరానికి, అంటే నీళ్ళకి ఎదురు. చెప్తే గుంపులో సగంమంది నమ్మలేదు. 1837లో పని మొదలుపెట్టి 1842కల్లా నీళ్ళు వదిలారు. ఐర్లండు నుంచి వలస వచ్చిన కూలీలు పారలూ పలుగులతో, లెవెలింగ్ యంత్రం, గొలుసు పట్టుకున్న సర్వేయర్లతో తీసిన లెవెలు అది. చీఫ్ ఇంజనీరు జాన్ బి. జెర్విస్ ఏ కాలేజీలోనూ చదివినవాడు కాదు. ఎరీ కాలవ సర్వేలో చెట్లు నరికే పనికి చేరి, పని చూస్తూ నేర్చుకుని పైకొచ్చాడు. ట్రేసరుగా చేరినదాన్ని, ఆ మాట విన్నప్పుడు లోపల చిన్న గర్వం కలిగింది.

మా లీడరు డెబ్బై దాటిన ఆవిడ, చేతికర్ర పట్టుకుని మాకంటే ముందు నడిచింది. కలుపుగోలు మనిషి, గొంతు ఖంగున మోగుతుంది. చరిత్ర బాగానే చెప్పింది. 1832లో కలరా వచ్చి న్యూయార్కులో మూడున్నర వేల మంది పోయారట. 1835 డిసెంబరులో అగ్గి అంటుకుంటే, నదులు గడ్డకట్టి గొట్టాల్లోకి నీళ్ళు రాక, 600కి పైగా కట్టడాలు కాలిపోయాయట. అంతకు ముందు 1799లో నీళ్ళు తెస్తామని పెట్టిన మాన్‌హటన్ కంపెనీ నీళ్ళకంటే ఎక్కువగా బ్యాంకు వ్యాపారం చేసుకుందనీ, అదే తర్వాత తర్వాత చేజ్ బ్యాంకులో కలిసిందనీ చెప్తే మా కోడలు పగలబడి నవ్వింది. జెర్సీ సిటీలో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఆ బ్యాంకుకి కంప్యూటర్ పని చేస్తున్నారో లీడరుకి తెలియదు.

1832 అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మన దగ్గర నందన కరువు, డొక్కల కరువు అని చెప్పుకునే ఏడు అదే. గుంటూరు వైపు జనం పిట్టల్లా రాలిపోయింది ఆ కరువులోనే. అలాంటి కరువుల తర్వాతే కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. అటు ఆనకట్టా అయిదేళ్ళే, ఇటు ఈ కాలవా అయిదేళ్ళే. ఈ మాట లీడరుతో అంటే నిలబడి విని, నోటుబుక్కు తీసి రాసుకుంది. అందుకు ఆవిడకి రెండు మార్కులు కలిపాను.

దారిలో మైలుకొకటి చొప్పున రాతి కట్టడాలు తగులుతాయి, గట్టు మీద ఒంటరిగా నిలబెట్టిన గరిసెల్లాంటివి, నాకు రెండింతల ఎత్తు. అవి సొరంగానికి గాలి గొట్టాలు. నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా లోపలి గాలి ఒత్తిడి సర్దుకోవడానికి, నీళ్ళు మురగకుండా గాలి తగలడానికి పెట్టారు. ఒకదాని దగ్గర గుంపు ఫోటోలు తీసుకుంటుంటే నేను పక్కకెళ్ళి రాళ్ళు చూశాను. గుండ్రటి గోడకి సరిపోయేలా ప్రతి రాయి ముఖం కొంచెం వంపుగా చెక్కారు. అతుకుల్లో వేలిగోరు కూడా దూరదు. ఎవరూ చూడని అడవిలో గాలి గొట్టానికి ఇంత పని! మన వైపు పాత లాకుల గోడల మీద కూడా ఇలాంటి చెక్కుడే కనిపిస్తుంది. బిల్లు ఎలా రాశారో, కొలత ఏ రేటుకి కట్టారో అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇంతలో విజిల్ వేశారు, పదండి పదండని.

డాబ్స్ ఫెర్రీలో కీపర్స్ హౌస్ అని ఎర్ర ఇటుకల ఇల్లుంది. 1857లో కట్టారు, కాలవ పర్యవేక్షకుడు కాపురం ఉండటానికి. లైను పొడుగునా ఇలాంటి ఇళ్ళుండేవి. అందులో ఉన్నవాళ్ళు రోజూ గట్టెంబడి తిరిగి ఎక్కడ మట్టి జారింది, ఎక్కడ ఊట కడుతోంది, ఎవడు చెట్టు పాతాడు అని చూసేవారు. అచ్చం మన కాలవ కాపలా లస్కర్ల డ్యూటీయే, కాకపోతే మన లస్కర్లకి ఇటుక బంగ్లా ఎవరూ కట్టివ్వలేదు. ఇప్పుడు ఫ్రెండ్స్ ఆఫ్ ది ఓల్డ్ క్రోటన్ అక్విడక్ట్ అనే స్వచ్ఛంద సంఘం బాగు చేయించి మ్యూజియంలా నడుపుతోంది, 2016లో తెరిచారు. వారాంతాల్లో మధ్యాహ్నం వేళ తీస్తారు, వెళ్ళే ముందు వేళలు సరిచూసుకోండి. టికెట్ లేదు.

ఈ ఇంటి కోసమే ఈ నడకకి రావచ్చు. లోపల సొరంగం క్రాస్ సెక్షన్ బొమ్మ ఉంది. అడుగున తిరగేసిన కమాను, పక్క గోడలు పైకి పోతూ పోతూ కొంచెం బయటికి విచ్చుకుని, పైన అర్ధచంద్రాకారపు కమాను. అడుగున కమాను తిరగేసి ఎందుకు పెట్టారో అక్కడున్న వలంటీరుని అడిగాను. ఆయన నా వంక ఒకసారి చూసి, కుర్చీ జరిపి, పక్క గోడలు లోపలికి తోసుకు రాకుండా ఆ అడుగు కమాను ఎలా ఆపుతుందో, నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు మధ్యలోకి చేరి ఒండ్రు నిలవకుండా ఎలా పోతాయో చేత్తో చూపిస్తూ చెప్పాడు. 1842 జూన్ 22న మొదటిసారి 18 అంగుళాల లోతు నీళ్ళు వదిలి, క్రోటన్ మెయిడ్ అనే చిన్న పడవలో నలుగురు మనుషులు ఆ చీకటి సొరంగంలో హార్లెం నది దాకా వెళ్ళారని కూడా ఆయనే చెప్పాడు. కాలవ కట్టినవాళ్ళు కాలవలో పడవేసుకుని ఇన్స్పెక్షన్ చెయ్యడం! మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు ఇన్స్పెక్షన్‌కి జీపులో గట్టు మీదే పోయేవారు.

అక్కడ మాకిచ్చిన టైము పావుగంట. అందులోనే బాత్రూమూ.

ఇక ఇక్కణ్ణుంచి నా అసలు ఫిర్యాదు. డాబ్స్ ఫెర్రీ దాటింది మొదలు ఈ దారి రెండు పక్కలా పాతకాలపు కోటీశ్వరుల ఎస్టేట్లు. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కొడుకు 1835లో కట్టించిన నెవిస్ బంగ్లా వస్తుంది, తర్వాత అది కొలంబియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఆ తర్వాత 1860 నాటి ఎనిమిది పలకల ఇల్లు, పైన పెద్ద గోపురం, చుట్టూ వరండా, పెళ్ళివారి కేకు రంగులో. అది చూడటానికి వింతగానే ఉంది, కాదనను. ఇర్వింగ్టన్ అవతల లిండ్‌హర్స్ట్, రైలు రోడ్ల మీద కోట్లు గడించిన జే గూల్డ్ 1880లో కొన్నది. ప్రతి ఇంటి దగ్గరా నిలబెట్టి ఎవరెవర్ని పెళ్ళాడారు, ఎవరికెంత ఆస్తి వచ్చింది, ఎవరు దివాలా తీశారు అని చెప్పుకుంటూ పోయింది లీడరు. ఒక్కోచోట అరగంట. వాటిల్లో నా మనసుకి పట్టింది ఒక్కటే, మేడమ్ సి. జె. వాకర్ కథ. బట్టలుతికి బతికిన నల్లజాతి స్త్రీ, తలకి రాసుకునే మందులు తయారుచేసి అమ్మి, 1918 నాటికి ఇర్వింగ్టన్‌లో ఈ దొరల బంగ్లాల పక్కనే బంగ్లా కట్టించుకుంది. దానికి గట్టిగా అయిదు నిమిషాలు కూడా కేటాయించలేదు.

ఇర్వింగ్టన్ దగ్గర ఒక వాగు లోయ అడ్డం వస్తుంది. మైలుకి 13 అంగుళాల వాలు తప్పకుండా ఆ లోయ దాటాలంటే ఏం చెయ్యాలి? లోయ నిండా ఎత్తుగా కట్ట కట్టి, ఆ కట్ట కడుపులోంచి వాగు పోవడానికి రాతి కమానుతో తూము వదిలి, కట్ట నెత్తిన సొరంగం నడిపించారు. మా ఆఫీసు భాషలో అండర్ టన్నెల్, యూటీ అంటాం. పైన నడుస్తుంటే ఏమీ తెలియదు, రెండు పక్కలా చెట్ల తలలు కాళ్ళ మట్టానికి వస్తాయి, అంతే. ఈ నడక మొత్తంలో ఇంజనీరింగు అంటే ఇదిగో ఇది. లీడరు "కింద ఒక వాగుంది" అని చేత్తో చూపించి ముందుకెళ్ళిపోయింది.

నేను ఆగాను. "కిందికి దిగి చూడొచ్చా?" అని మా కోడలి చేత అడిగించాను. టైము లేదు, రైలు ఉంది అన్నారు. రెండు నిమిషాలు గట్టు అంచున నిలబడి తొంగి చూశాం. రాళ్ళ వరస ఒకటి కనిపించింది, నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎనిమిది పలకల ఇంటి దగ్గర అరగంట నిలబడ్డప్పుడు ఈ రైలు ఎక్కడికి పోయిందో మరి. పైగా ఆ లైన్లో వారాంతంలోనూ రైళ్ళకి కరువేమీ లేదు, అది తప్పితే ఇంకోటి వస్తుంది. బంగ్లాలు ఎక్కడైనా ఉంటాయి. ఆ బంగ్లాలన్నీ కాలవ పక్కనున్నాయి గనక మనం చూస్తున్నాం, మరి కాలవ సంగతి చెప్పరే? అక్విడక్ట్ నడక అని పేరు పెట్టి డబ్బు తీసుకున్నవాళ్ళు తూము దగ్గర అయిదు నిమిషాలు ఆపాలి. అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

భోజనం ఇర్వింగ్టన్‌లో, ఎవరి డబ్బా వారిదే. మెయిన్ స్ట్రీట్‌లో కాఫీ దొరుకుతుంది.

ఇంకొకటి చెప్పాలి, అక్కడ నడిచేటప్పుడు కింద నీళ్ళు పారుతున్నాయని అనుకోకండి. 1890లో ఇంకా లోతున కొత్త క్రోటన్ సొరంగం వచ్చాక పాతదాని అవసరం తగ్గింది, 1955లో నగరానికి నీళ్ళు పూర్తిగా ఆపేశారు. 1987 నుంచి ఎగువన ఆసినింగ్ ఊరిదాకా మాత్రం మళ్ళీ వాడుతున్నారు. మేము నడిచిన మేర సొరంగం ఖాళీ. 1968లో న్యూయార్కు రాష్ట్రం ఈ గట్టులో 26.2 మైళ్ళు నగరపాలక సంస్థ దగ్గర కొని పార్కు చేసింది కాబట్టి మిగిలింది. మన దగ్గర మూసేసిన పిల్ల కాలవ గట్టు మీద ఆర్నెల్లు తిరక్కుండా పాకలు లేస్తాయి, ఏడాదికి రోడ్డు, ఆ తర్వాత అక్కడ కాలవ ఉండేదంటే పిల్లలు నవ్వుతారు. పి. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, సంతోషమే. ఆ పాత కమానుల గురించి చెప్పే ఇల్లొకటి, గోడ మీద క్రాస్ సెక్షన్ బొమ్మొకటి, కుర్చీ జరిపి చెప్పే మనిషొకడు అక్కడా ఉండాలని ఈ కీపర్స్ హౌస్ చూశాక గట్టిగా అనిపించింది.

చివరి మైలు అంత బాగుండదు. టారీటౌన్ దగ్గర హైవే అడ్డం వచ్చి గట్టు తెగిపోతుంది, బ్రాడ్‌వే రోడ్డు పక్క పేవ్‌మెంటు మీద కార్ల హోరులో నడవాలి. తర్వాత స్టేషనుకి దిగుడు. మా గుంపులో మోకాలి పెద్దాయన అక్కడ టాక్సీ పిలిపించుకున్నాడు, తెలివైన పని.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. గడ్డిలో పిడుదులు ఉంటాయి, కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు, కాబట్టి చీరా చెప్పులూ వద్దు, నేను పంజాబీ డ్రెస్సు మీద పొడుగు సాక్సులు లాక్కున్నాను. ఇంటికొచ్చాక కాళ్ళు, మోచేతులు చూసుకోవాలి. మూడేసి ఆకుల తీగ కనిపిస్తే ముట్టుకోకండి, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయట. బాత్రూములు దారి మీద లేవు, ఊళ్ళలోనే. చూడటానికి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే పిల్లలైతే మొత్తం ఆరు మైళ్ళూ నడిపించకండి. డాబ్స్ ఫెర్రీలో దిగి, కీపర్స్ హౌస్ చూసి, ఇర్వింగ్టన్‌లో రైలెక్కించండి. గుంపు అక్కర్లేదు, కీపర్స్ హౌస్‌లో దొరికే మ్యాపు చాలు. నాకు మాత్రం గుంపులో నడవడం నచ్చింది. ఇంట్లో టీవీ ముందు కూర్చునేదాన్ని, తెలియని మనుషులతో వాలు గురించి వాదించుకుంటూ ఒక రోజంతా గడిపాను.

ఇదే క్లబ్బు ఎగువ వైపు, క్రోటన్-హార్మన్ స్టేషన్ నుంచి ఆసినింగ్ దాకా కూడా నడక పెడుతుందట. అటు 1906లో పూర్తయిన 297 అడుగుల రాతి ఆనకట్ట ఉంది, ఆసినింగ్‌లో వాగు మీద 88 అడుగుల కమానుతో కాలవ దాటే వంతెన ఉంది, దాని కిందుగా రోడ్డు వంతెన ఇంకో కమాను. అది నేను చూడాల్సిందే. బుక్ చేస్తానంది మా కోడలు. ఆ వంతెన కింద ఎంతసేపు ఆపుతారో ముందు ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు డబ్బు కట్టమన్నాను.